తమిళం నోట్సు పట్టుకుని వెళ్ళండి

ప్రశ్న:

అక్కా, సలాం. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆరేళ్ళ కింద పెరంబూరు వచ్చాం. మా ఆయనకు పరుపుల కొట్టు ఉంది. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజు వచ్చు గానీ ఉర్దూ రాదు. పాప కార్పొరేషన్ బడిలో ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి చదువుతోంది. లెక్కలు, సైన్సు బాగానే వస్తాయి. తమిళం అంటేనే ఏడుస్తుంది.

మా వీధి చివర మసీదు పక్కన ముస్లింల కమ్యూనిటీ సెంటర్ ఉంది. సాయంత్రం పిల్లలకు ట్యూషను, పగలు ఆడవాళ్ళకు కుట్టు, ఆరీ సూదితో చేసే ఎంబ్రాయిడరీ వర్కు, ఆదివారం డాక్టర్లు, మేడ మీద చిన్న లైబ్రరీ. దీనియాత్ క్లాసులు, అంటే మత పాఠాలు, కూడా చెబుతారు. పక్కింటావిడ రమ్మని పిలుస్తోంది. మా అత్త వద్దంటుంది. ‘ఉర్దూ రాదని మనల్ని చూసి నవ్వుతారు, దర్గాలకు పోవద్దంటారు, పిల్లను మనకు కాకుండా చేస్తారు’ అని ఆమె భయం. మా ఆయనేమో ‘ఊరికే చెబుతున్నారంటే అది జకాత్ డబ్బేగా, పేదలకిచ్చే దానమేగా, మనం చెయ్యి చాచాలా?’ అంటాడు. నేను మొన్న రొట్టెల పండక్కి నెల్లూరు పోయి, స్వర్ణాల చెరువులో దిగి పాపకు చదువు బాగా రావాలని మొక్కుకుని, అక్కడ ఒకరి చేతి నుంచి ఒకరు పుచ్చుకునే చదువు రొట్టె తిని వచ్చాను. ఇంకో సంగతి. సెంటర్లో ఉండే ఆలిమా, అంటే మత విద్య చదివిన ఆవిడ, నన్ను చూసి, తెలుగు ఇళ్ళ పిల్లలు పదిమంది దాకా ఉన్నారు, వాళ్ళకు తెలుగు రాయడం నేర్పుతారా అని అడిగింది. నేను ఇంటరు తప్పినదాన్ని. ఏం చెప్పాలో తెలియక తల ఊపి వచ్చేశాను. నన్నేం చెయ్యమంటారు?

— ఒక సోదరి, పెరంబూరు, చెన్నై

సమాధానం:

వ అలైకుం సలాం, చెల్లెమ్మా.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అత్తగారి మాటల దగ్గర ఆగిపోయాను, రెండోసారి పాప తమిళం దగ్గర. ముందు పాప సంగతి తేల్చుకుందాం, దానికి గడువుంది. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

పాపను పంపండి. ఈ వారంలోనే పంపండి.

తమిళనాడులో 2006లో చేసిన చట్టం వల్ల బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పైకి తెచ్చి పదో తరగతి దాకా చేర్చారు. తెలుగు, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లల కోసం కోర్టుల్లో చాలాకాలం వాదనలు నడిచాయి, కొన్నేళ్ళు మినహాయింపులూ దొరికాయి. ఆ మినహాయింపు మళ్ళీ వస్తుందిలే అని కూర్చున్న ఇళ్ళను నేను దగ్గరగా చూశాను. జనవరి వచ్చేసరికి పిల్ల చేతిలో పుస్తకం వణుకుతూ ఉండేది. మీరు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 100 మార్కుల పేపరు, 35 వస్తే పాసు. లెక్కలు బాగా వచ్చే పిల్ల 35 దగ్గర ఎందుకు ఆగాలి? దారి చూపేవాళ్ళుంటే 60 దాటుతుంది.

నేను ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో బడిపంతులమ్మగా పనిచేశాను. రిటైరయ్యాక ఇలాంటి సెంటర్లోనే ఎనిమిదేళ్ళు సాయంత్రాలు పాఠాలు చెప్పాను. నేనూ తమిళం పెద్దయ్యాకే నేర్చుకున్నాను కాబట్టి, మన పిల్లలకు చిక్కు ఎక్కడ పడుతుందో నాకు బాగా తెలుసు. మాటలో పడదు. ఆరేళ్ళు ఈ వీధుల్లో తిరిగిన పిల్లకు మాట వచ్చేసి ఉంటుంది. చిక్కంతా రాతలో. మనకు క, ఖ, గ, ఘ అని నాలుగున్న చోట తమిళానికి ఒక్కటే అక్షరం. ‘అమ్మయ్య, నేర్చుకోవాల్సినవి తక్కువే’ అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క అక్షరాన్నే ఎక్కడ ‘క’ అనాలి, ఎక్కడ ‘గ’ అనాలి అన్నది పక్కనున్న అక్షరాలను చూసి పట్టుకోవాలి. ఇంకోవైపు ‘ర’లు రెండు, ‘ల’లు మూడు, ‘న’లు మూడు. మన బండి ‘ఱ’ పెద్దవాళ్ళ పుస్తకాలతోనే పోయింది గదా, అందుకని మన పిల్లలు రెండు ‘ర’ల చోటా ఒకటే గీస్తారు. చదివితే తేడా తెలియదు, దిద్దితే మార్కు పోతుంది.

ఇంకొకటి. పాప తమిళం పుస్తకం తెరిచి చూడండి. వరుసల మధ్య పెన్సిలుతో తెలుగు అక్షరాల్లో రాసుకుని ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన తెలుగు పిల్లలందరూ అదే చేసేవాళ్ళు. అది మాన్పించాలి. తెలుగులో రాసుకున్నన్నాళ్ళు కన్ను తమిళ అక్షరం మీద నిలవదు. కొట్టి కాదు, తిట్టి కాదు, రబ్బరు పెట్టి ఒక్కో పేజీ తుడిపించండి.

సెంటర్లో తమిళం చెప్పేవాళ్ళు ఎవరో కనుక్కుని, పాపను వెంటబెట్టుకుని, నోట్సులు చేత పట్టుకుని వెళ్ళండి. ‘మా పాపకు రోజూ పది మాటలు డిక్టేషన్ చెప్పండి’ అని అడగండి. పది చాలు. తిరుక్కురళ్‌లోవీ, కంఠస్థం చెయ్యమన్న పద్యాలూ ముందు పట్టిస్తే అవి చేతిలో ఉన్న మార్కులు. ఉత్తరం రాయడం, ఫారం నింపడం లాంటివి ఆ తర్వాత. వ్యాసం చివర. ట్యూషన్ అంటే పిల్లలందరినీ ఒక హాల్లో కూచోబెట్టి హోంవర్కు చేయించడమే అయితే అది మీ పాపకు సరిపోదు. విడిగా అరగంట తమిళం దొరుకుతుందా అన్నది ఒక్కటే మొదటిరోజు మీరు తేల్చుకోవాల్సింది.

ఇక నవ్వుతారన్న మాట.

చెల్లెమ్మా, నేనూ దూదేకుల ఇంటి ఆడపిల్లనే. పెళ్ళయిన కొత్తలో తిరువల్లిక్కేణిలో ఒక పెళ్ళికి పోయాను. ఒక పెద్దావిడ నన్ను పక్కన కూచోబెట్టుకుని ఉర్దూలో ఏదో అడిగింది. నేను తెలుగులో జవాబు చెప్పాను. ‘ముసల్మాన్ హోకే ఉర్దూ నై ఆతీ?’, ముస్లిం అయ్యుండి ఉర్దూ రాదా, అని ఆమె పక్కవాళ్ళ వైపు తిరిగింది. అందరూ నవ్వారు. బిర్యానీ ముందు పెట్టుకుని ముద్ద మింగలేకపోయాను. ఊరికి పోయినప్పుడు మా నాయనకు చెప్పుకుని ఏడ్చాను. ఆయన అప్పుడు దూది ఏకుతున్నాడు. చేతిలో విల్లు ఆపలేదు, తల ఎత్తలేదు. కాసేపయ్యాక, ‘వాళ్ళు పడుకునే పరుపు మనమే కుట్టుంటాంలే అమ్మా’ అన్నాడు.

కాబట్టి మీ అత్తగారి భయం ఉత్త భయం అని నేను అనను. ఆమె కూడా ఎక్కడో ఒక పెళ్ళిలో ముద్ద మింగలేక కూచుని ఉంటుంది. ‘అటూ కాదు, ఇటూ కాదు’ అన్న మాట మనవాళ్ళు ఊళ్ళోనూ విన్నారు, మసీదులోనూ విన్నారు. ఆమెను కొట్టిపారెయ్యొద్దు.

అయితే చెన్నై సంగతి ఒకటి ఆమెకు చెప్పండి. ఇక్కడి ముస్లింలలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు. లబ్బైలు, రావుత్తర్లు, మరక్కాయర్లు తరతరాలుగా తమిళంలోనే మాట్లాడుకుంటారు, తమిళంలోనే దువా చేసుకుంటారు, జుమా రోజు మసీదులో బయాన్ (మత ప్రసంగం) కూడా తమిళంలోనే వింటారు. మన్నడి వైపు పోతే తెలుస్తుంది. మరి వాళ్ళు ముస్లింలు కారా? ఉర్దూ మాట్లాడే కుటుంబాలు పెరియమేటు, తిరువల్లిక్కేణి, రాయపేట వైపు ఎక్కువ. మీ సెంటర్లో రెండు రకాలవాళ్ళూ ఉంటారు. వాళ్ళ మధ్య మూడో భాషగా తెలుగు వస్తే ఆకాశం విరిగిపడదు. మీ భాషల్లో, మీ రంగుల్లో ఉన్న తేడాలు కూడా అల్లా సూచనలే అని ఖురాన్ 30వ అధ్యాయం 22వ వాక్యంలో ఉంది. ఆలిమాకు అది నాకంటే బాగా తెలుసు. తెలుసు కాబట్టే, తెలుగు నేర్పుతారా అని మిమ్మల్ని అడిగింది.

ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారి పేరు మీ మామగారి తరం వాళ్ళకు తెలిసే ఉంటుంది. తెలుగు ముస్లిం. తమిళనాడుకు వచ్చి శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంలో తమిళులే తలవంచేంత పేరు తెచ్చుకున్నాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మన ఇళ్ళలో ఆయన గురించి పిల్లలకు ఎందుకు చెప్పుకోమో నాకు ఇప్పటికీ బాధే. మీ పాపకు చెప్పండి.

సెంటర్ ఫారంలో మాతృభాష అన్న చోట ‘తెలుగు’ అని రాయండి. ఉర్దూ అని రాస్తే మర్యాదగా ఉంటుందేమోనని కొందరు అలా రాసేస్తారు, తర్వాత క్లాసులో పిల్ల బిక్కమొగం వేస్తుంది. ఎవరైనా పాపను వెక్కిరిస్తే ‘పోనీలే’ అని ఊరుకోకండి. అదే రోజు ఆలిమా దగ్గరికి వెళ్ళి చెప్పండి. నేను పనిచేసిన చోట ఒక పిల్లాడు తోటి పిల్లను, మన దూదేకులవాళ్ళకున్న ఇంకో పేరు ‘పింజారి’ని పట్టుకుని, తిట్టుగా అన్నాడు. మా ఇన్‌ఛార్జి హజరత్ ఆ సాయంత్రం పాఠం ఆపేసి, దూది ఎలా ఏకుతారు, పరుపు ఎలా తయారవుతుంది అని ఆ పిల్ల చేతనే అందరికీ చెప్పించాడు. ఆ పిల్ల చెబుతూ చెబుతూ నిటారుగా నిలబడింది. ఆ సాయంత్రం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది.

దర్గాల విషయం సున్నితమైనది. దాచకుండా మాట్లాడతాను. దర్గాకు పోవడం, సందల్ (గంధం) ఎత్తడం, పీర్ల పండగ, ఇవి సరైనవా కావా అన్న వాదన ముస్లింలలోనే ఎప్పటినుంచో ఉంది. ఈ రాష్ట్రంలోనే నాగూరు దర్గాకు లక్షలమంది పోతారు, ఆ పక్కనే దాన్ని ఒప్పుకోని జమాతులూ ఉన్నాయి. మీ వీధి సెంటర్ ఏ వైపుదో నాకు తెలియాల్సిన పని లేదు, మీకు తెలియాలి. సూటిగా అడగండి: ‘ట్యూషన్‌కు వచ్చే పిల్లలు దీనియాత్ క్లాసుకు కూడా తప్పకుండా రావాలా?’ రావాలంటే అందులో ఏం చెబుతారో మీరు ఒక రోజు వెనక కూచుని వినండి. తల్లిని కూచోనివ్వని క్లాసు అయితే అక్కడికి పిల్లను పంపొద్దు. కూచోనిస్తే, విని, ఇంటికొచ్చి పాపతో మాట్లాడండి. పదిహేనేళ్ళ పిల్ల. ‘అక్కడ ఇలా అంటారు, మన ఇంట్లో ఇలా చేస్తాం, అవ్వ ఇలా నమ్ముతుంది’ అని మూడూ చెప్పినా ఆ వయసుకు అర్థమవుతుంది. నమాజు బాగా చదవడం, ఖురాన్ అర్థం తెలుసుకోవడం మాత్రం ఎవరి దగ్గర నేర్చుకున్నా లాభమే, అది మీ అత్తగారూ కాదనరు. చదువు రొట్టె తిన్న సంగతి ఎక్కడా దాచాల్సిన పని లేదు. ఆ రొట్టె మీ చేతికి ఇచ్చిన ఆవిడ ఏ మతమో మీరు అడిగి ఉండరు. బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో దిగిన ఎవరూ అడగరు.

అత్తగారిని ఒప్పించడానికి వాదన పెట్టుకోకండి. ఆదివారం డాక్టర్ల దగ్గరికి తీసుకుపోండి. బీపీ చూపించండి, షుగరు చూపించండి. ఆమె ఆ మెట్లు ఎక్కి, అక్కడి ఆడవాళ్ళ పక్కన బెంచీ మీద ఒక గంట కూచుంటే చాలు. పెద్దవాళ్ళకు స్థలం మీద నమ్మకం కుదిరేది మనుషుల్ని చూశాకే.

మీ ఆయన మాటకు వస్తే, ఆ పౌరుషం నాకు నచ్చింది. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ 9వ అధ్యాయం 60వ వాక్యం ఎనిమిది రకాలవాళ్ళను చెప్పింది. నిరుపేదలు, అప్పుల్లో మునిగినవాళ్ళు, బాటసారులు, ఇలా. ఆ లెక్కలో లేనివాళ్ళు అది తీసుకోకూడదన్నది నిజమే. కానీ సెంటర్లో నడిచేదంతా జకాత్ డబ్బుతో కాదు. జనం మామూలుగా ఇచ్చే సదఖా (ఇష్టపడి ఇచ్చే దానం), చందాలు, జమాతు బైతుల్‌మాల్ (ఉమ్మడి నిధి), ఒక్కోచోట షాపుల అద్దెలు, ఇలా రకరకాలుగా వస్తుంది. పద్ధతిగా నడిచే చోట జకాత్‌కు వేరే ఖాతా ఉంటుంది, దాన్ని అర్హులకే ఖర్చుపెడతారు. మీ ఆయననే వెళ్ళి అడగమనండి, ‘ట్యూషన్ ఖర్చు ఏ ఖాతాలోంచి?’ అని. మగవాళ్ళు మగవాళ్ళతో మాట్లాడుకుంటే ఆ చిక్కు ఐదు నిమిషాల్లో విడిపోతుంది. ఊరికే తీసుకోవడం మనసుకు ఒప్పకపోతే నెలకు 200 రూపాయలు రసీదు తీసుకుని ఇవ్వమనండి. లేదా హాల్లో చిన్నపిల్లలు కూచోవడానికి నాలుగు పరుపులు కుట్టి ఇవ్వమనండి. ఆయన చేతిలో ఉన్న పనే కదా.

రంజాన్ నెలలో ఒకసారి సాయంత్రం మీ ఆయనను తిరువల్లిక్కేణిలో వాలాజా పెద్ద మసీదుకు తీసుకుపోండి. 1795లో ఆర్కాటు నవాబుల కుటుంబం కట్టించిన మసీదు. అక్కడ ఉపవాసం విడిచేవాళ్ళకు సూఫీదార్ ట్రస్టు వాళ్ళు ఏళ్ళ తరబడి ఇఫ్తారు వడ్డిస్తున్నారు. వాళ్ళు సింధీ హిందువులు, దేశ విభజనప్పుడు అన్నీ వదులుకుని వచ్చిన కుటుంబాల వాళ్ళు. తలకు టోపీ పెట్టుకుని, బకెట్లు పట్టుకుని వరుసలో వడ్డిస్తారు. ఆ వరుసలో కూచుని తినేవాళ్ళలో కూలీలుంటారు, వ్యాపారులుంటారు, చెయ్యి చాచామని అక్కడ ఎవరూ అనుకోరు. మన వీధి మసీదులో నోంబు కంజి, అంటే ఉపవాసం విడిచే గంజి, తెచ్చుకోవడానికి గిన్నె పట్టుకుని నిలబడని ఇల్లు ఏది? ఆ కంజికి బియ్యం సర్కారు ఇస్తుంది, పప్పూ మాంసమూ ఎవరో ఇస్తారు, వండేది ఇంకెవరో. చదువూ అంతే అనుకోమనండి.

ఇప్పుడు ఒక చేదు మాట. అన్ని సెంటర్లూ బాగుంటాయని నేను చెప్పను. ఒకచోట నన్ను చూడమని పిలిచారు. గోడ నిండా ఫోటోలు, ప్రారంభోత్సవం రిబ్బను, పన్నెండు కుట్టు మిషన్లు. మిషను మీద చెయ్యి పెడితే వేలికి దుమ్ము అంటింది. ఒక్క దానికీ సూది లేదు. ఫోటో తీసిన రోజే వాటి పని అయిపోయింది. అందుకని మీరు వెళ్ళినప్పుడు బోర్డు చదవకండి, మిషను చూడండి, సూది ఉందా, కింద గుడ్డముక్కలు పడి ఉన్నాయా అని. ట్యూషన్ హాల్లో హాజరుపట్టీ అడిగి చూడండి. ఆడపిల్లలకు విడిగా బాత్రూము ఉందా, దానికి గడియ పడుతుందా చూడండి. చెప్పేవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది, తలుపులు తెరిచే ఉంటాయా, క్లాసు ఎన్నింటికి వదులుతారు, వీధిలైటు వెలుగుతుందా. రాత్రి ఎనిమిది దాటితే మీ ఆయన కొట్టు మూసి వస్తూ పాపను తీసుకొచ్చేలా మాట్లాడుకోండి. ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. అడిగే తల్లుల్ని చూస్తే మంచి సెంటర్ వాళ్ళకు సంతోషం, అది నా అనుభవం.

కుట్టు నేర్చుకోవాలా, ఆరీ వర్కు నేర్చుకోవాలా అంటే ముందు కుట్టు. ఆరీ చేతికి అందంగా ఉంటుంది, పెళ్ళి జాకెట్లకు డబ్బూ బాగానే వస్తుంది, కానీ కళ్ళూ నడుమూ పోతాయి, పని సీజన్లోనే ఉంటుంది. మీకు పరుపుల కొట్టుంది. దిండు గలేబులు, పరుపు కవర్లు, జిప్పు వేసిన బాలీసు తొడుగులు మీరే కుట్టగలిగితే ఆ కూలి ఇంట్లోనే మిగులుతుంది.

తెలుగు నేర్పమన్న సంగతి మీరు ఉత్తరం చివర, ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు రాశారు. నాకైతే అదే అన్నిటికంటే పెద్ద సంగతి అనిపించింది.

ఒప్పుకోండి. ఇంటరు తప్పడానికీ పదిమంది పిల్లలకు అఆలు దిద్దించడానికీ సంబంధం లేదు. మీ ఉత్తరంలో ఒక్క అక్షరదోషం లేదు, ఒక్క చోట వత్తు జారలేదు. ఈ ఊళ్ళో తెలుగు బడులు ఒక్కొక్కటిగా ఖాళీ అయిపోయాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు తెలుగు సెక్షన్లో కూచోవడానికి బెంచీలు చాలేవి కావు, రిటైరయ్యేనాటికి ఆ గదిలో విరిగిన బల్లలు సర్దారు. ఇప్పుడు ఇళ్ళలో తెలుగు మాట్లాడే పిల్లలకు తమ పేరు తెలుగులో రాయడం రాదు. మన ఇళ్ళలో అయితే మరీ. పిల్లకు అరబీ అక్షరాలు వస్తాయి, తమిళం బడిలో వస్తుంది, ఇంగ్లీషు సరేసరి. అవ్వ చెప్పే కథ ఏ భాషలో ఉందో ఆ భాషకు మాత్రం అక్షరం లేదు. ఒక మసీదు పక్క సెంటర్లో ఒక ఆలిమా పిలిచి, ఆ అక్షరాలు నేర్పమంటోంది. ఇది ప్రతి ఏడూ వచ్చే అవకాశం కాదు.

వారానికి రెండు రోజులు, గంట చొప్పున చాలు. అక్షరమాల వరుసగా మొదలుపెట్టకండి, పిల్లలకు విసుగు పుడుతుంది. పేర్లతో మొదలుపెట్టండి. మస్తానమ్మ, హుస్సేనమ్మ, నాగూర్‌వలి, ఖాసిం అని వాళ్ళ వాళ్ళ పేర్లు, ఆ తర్వాత నాయనమ్మ పేరు, ఊరి పేరు. మూడో వారానికి ఊళ్ళో ఉన్న తాతకు ఒక కార్డు రాయించండి, నిజంగానే పోస్టు చెయ్యండి. తాత దగ్గరి నుంచి ఫోను వస్తే ఆ పిల్లలు తర్వాతి క్లాసుకు పరిగెత్తుకుంటూ వస్తారు. మీ పాపను కూడా సాయానికి కూచోబెట్టండి. తమిళంలో తప్పులు రాసి తల దించుకునే పిల్ల, ఇంకొకరి తెలుగు తప్పు దిద్దితే ఆ తల పైకి లేస్తుంది. ఆలిమాను మాత్రం రెండు అడగండి: నల్లబల్ల ఉన్న గది, క్లాసు రోజులు మారకుండా ఉండడం. ఎప్పుడు గది ఖాళీ ఉంటే అప్పుడు అన్నారంటే ఆ క్లాసు నెల కూడా నిలవదు.

పది తర్వాతి మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మన ఇళ్ళలో పది అవగానే సంబంధాలు మొదలవుతాయి. పాప ఆరో తరగతి నుంచి ప్రభుత్వ బడిలోనే ఉంది కదా. ప్లస్ టూ దాకా అలాగే కొనసాగిస్తే, 2022లో మొదలైన ‘పుదుమై పెణ్’ పథకం కింద కాలేజీలో చేరాక నెలకు 1000 రూపాయలు ఆమె ఖాతాలోనే పడతాయి. మంచి మార్కులొచ్చాయని ప్లస్ వన్‌కు ప్రైవేటు బడికి మార్చేసి దాన్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ తర్వాత ముస్లిం పెద్దలు పెట్టిన కాలేజీలే ఈ ఊళ్ళో ఉన్నాయి. తేనాంపేటలో ఆడపిల్లల కోసం 1955లో జస్టిస్ బషీర్ అహ్మద్ సయీద్ పెట్టిన ఎస్ఐఈటీ కాలేజీలో అన్ని మతాల పిల్లలూ చదువుతారు. ఒకసారి పాపను తీసుకుపోయి గేటు బయటి నుంచైనా చూపించండి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి మాట ఎవరు ఎత్తినా ఒప్పుకోవద్దు. ఇంట్లో బలవంతం పెరిగితే సెంటర్లో కౌన్సెలింగు చేసే ఆడవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడతారు, అంతకు మించితే పిల్లల కోసం 1098 ఉంది, ఆడవాళ్ళ కోసం 181 ఉంది.

సర్టిఫికెట్ గురించి ఒక్క ముక్క. తమిళనాడులో 2007 నుంచి బీసీ ముస్లింలకు 3.5 శాతం కోటా ఉంది, ఆ జాబితాలోని ఏడు పేర్లలో దూదేకుల ఒకటి. ఆ జాబితా మీ అత్తగారికి చూపించండి. మనం ముస్లింలమో కాదో అన్న అనుమానం ఇక్కడి సర్కారుకైతే లేదు. కానీ మీరు ఆంధ్రా నుంచి తెచ్చుకున్న బీసీ-బి సర్టిఫికెట్ ఇక్కడి కోటాకు పనికిరాదు, రిజర్వేషన్ సొంత రాష్ట్రాన్ని పట్టి నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఓబీసీకి అదే ఆధారం, కాబట్టి మీ ఆయన సర్టిఫికెట్ అసలు కాగితం పోగొట్టుకోకుండా దాచండి. సెంటర్లో దరఖాస్తులు నింపిపెట్టే వాళ్ళుంటారు, స్కాలర్‌షిప్పుల ఆఖరు తేదీలు వాళ్ళ దగ్గరే ముందుగా తెలుస్తాయి. పాప బ్యాంకు ఖాతా, ఆధార్ రెండింటిలోనూ పేరు ఒకేలా ఉందా లేదా ఇప్పుడే చూసుకోండి. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా రాస్తారు, డబ్బు అక్కడే ఆగిపోతుంది.

సెప్టెంబరులో త్రైమాసిక పరీక్షలు. అవి కాగానే పాపకు తమిళంలో ఎన్ని వచ్చాయో నాకు ఒక ముక్క రాయండి. ఆ ఉత్తరం మీరు కాదు, పాపను రాయమనండి. తెలుగులో.